కొండల్లో ఎగరేయడానికి ఏ డ్రోన్: 250 గ్రాములదా, 700 గ్రాములదా?

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ కొండ కూడా 1,690 మీటర్లే. తెలుగు నేల మీద ఎక్కడ ఎగరేసినా డ్రోన్‌కు గాలి కరువంటే ఏమిటో తెలియదు. అదే డ్రోన్ బైకు మీద బ్యాగులో పడి లద్దాఖ్ చేరితే, లేహ్ ఊళ్లోనే 3,500 మీటర్ల మీద ఉంటుంది. పాంగాంగ్ సరస్సు గట్టు 4,200 మీటర్లు దాటుతుంది. ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు. ఆ దారిలోని పాత బోర్డులు 5,600 పైన అని చెబుతాయి గానీ, జీపీఎస్ కొలతలు అంత చూపించవు.

సంగతి ముందే తేల్చేద్దాం. టేకాఫ్ చోటు 3,500 మీటర్ల లోపయితే, పొద్దున్నే ఎగరేసే అలవాటుంటే, 250 గ్రాముల తరగతిలో మంచి డ్రోన్ చాలు. 3,500 నుంచి 4,000 దాకా అదే డ్రోన్‌తో నెట్టుకురావచ్చు, అయితే ఎగరేసే పద్ధతి మార్చుకోవాలి. 4,000 దాటాక 700 గ్రాముల తరగతి కావాలి. అది లేకపోతే డ్రోన్‌ను బ్యాగులోంచి తీయకపోవడమే మేలు. 900 గ్రాముల పైబడినవాటిని ఎత్తు కోసం కొనక్కర్లేదు, వాటి కెమెరా కావాలంటే కొనుక్కోవచ్చు. వీటన్నిటి మీదా ఇండియాలో చట్టం ఒకటి కూర్చుని ఉంది. అది ఈ లెక్కను కొంత తలకిందులు చేస్తుంది, దాని సంగతి తర్వాత.

పెట్టె మీద చూడాల్సిన అంకె

డ్రోన్ వివరాల పట్టికలో ‘గరిష్ఠ టేకాఫ్ ఎత్తు’ అని ఒక వరుస ఉంటుంది. సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తున్న చోట దాన్ని నేల మీద నుంచి లేపొచ్చో అది చెబుతుంది. యాప్‌లో పెట్టుకునే 120, 500 మీటర్ల లాంటి పరిమితులు వేరు, అవి టేకాఫ్ చోటు నుంచి పైకి లెక్క. ఈ రెంటినీ కలిపేసుకుని, ‘నా డ్రోన్ 500 మీటర్లే ఎగురుతుందట, కొండల్లో పనికిరాదేమో’ అని బెంగపడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది చేతిలో ఉండేవి చైనా కంపెనీ డీజేఐ డ్రోన్లే కాబట్టి వాటి అంకెలే ఇక్కడ పెడుతున్నాం.

| మోడల్ | బరువు | గరిష్ఠ టేకాఫ్ ఎత్తు | తట్టుకునే గాలి | కంపెనీ చెప్పే సమయం |
|---|---|---|---|---|
| మావిక్ మినీ | 249 గ్రా. | 3,000 మీ. | 8 మీ/సె | 30 నిమి. |
| మినీ 2 | 249 గ్రా. | 4,000 మీ. | 10.5 మీ/సె | 31 నిమి. |
| మినీ 4 ప్రో | 249 గ్రా. | 4,000 మీ. | 10.7 మీ/సె | 34 నిమి. |
| మినీ 4 ప్రో, ప్లస్ బ్యాటరీతో | సుమారు 290 గ్రా. | 3,000 మీ. | 10.7 మీ/సె | 45 నిమి. |
| ఎయిర్ 2ఎస్ | 595 గ్రా. | 5,000 మీ. | 10.7 మీ/సె | 31 నిమి. |
| ఎయిర్ 3 | 720 గ్రా. | 6,000 మీ. | 12 మీ/సె | 46 నిమి. |
| మావిక్ 3 | 895 గ్రా. | 6,000 మీ. | 12 మీ/సె | 46 నిమి. |

చిన్నవన్నీ ఒకటే అనుకోకూడదు. అరచేతిలోంచి లేచే నియో 2,000 మీటర్లకే పరిమితం. ఫ్లిప్ కూడా 249 గ్రాములే, దాని హద్దు 3,000. ఈ రెండూ లేహ్ ఊరికి కూడా చాలవు. వేరే కంపెనీల నానో (250 గ్రాముల వరకు) డ్రోన్ల పెట్టె మీద ఈ వరుసే కనిపించకపోతే, కొండల కోసం దాన్ని కొనొద్దు. ఆ అంకె చెప్పని కంపెనీ దాన్ని పరీక్షించిందన్న భరోసా ఏమీ లేదు.

పలచని గాలి ఏం చేస్తుంది

సముద్రమట్టం దగ్గర ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 3,500 మీటర్ల దగ్గర అందులో 70 శాతం, 4,000 దగ్గర 67, 5,000 దగ్గర 60 శాతమే మిగులుతుంది. డ్రోన్ బరువు మాత్రం అంతే. అదే బరువును పలచని గాలితో మోయాలంటే ప్రొపెల్లర్లు ఇంకా వేగంగా తిరగాలి. ఎంత వేగంగా అన్నది లెక్కకట్టొచ్చు: 4,000 దగ్గర 22 శాతం, 5,000 దగ్గర 29 శాతం ఎక్కువ. కరెంటు వాడకం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

ఇక్కడ బ్యాటరీ తొందరగా అయిపోవడం చిన్న సమస్య. పెద్దది వేరే ఉంది. ప్రతి మోటారుకూ గరిష్ఠ వేగం ఒకటుంటుంది. ఊరికే గాల్లో నిలబడటానికే ఆ వేగంలో ఎక్కువ భాగం ఖర్చైపోతే, గాలి విసురు వచ్చినప్పుడు సర్దుకోవడానికి మిగిలేది తక్కువ. కొండ మీద డ్రోన్ పోగొట్టుకున్నవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటే: ‘బాగానే నిలబడింది, ఉన్నట్టుండి కిందికి జారిపోయింది.’ నిలబడటానికి సరిపోయిన బలం సర్దుకోవడానికి చాలలేదన్నమాట. అలాంటప్పుడు స్క్రీన్ మీద ‘మ్యాక్స్ పవర్ లోడ్ రీచ్‌డ్’ అని ఒక హెచ్చరిక వస్తుంది. అది కనిపిస్తే వీడియో సంగతి వదిలేసి, రిమోట్ మీది కర్రను మెల్లగా కిందికి తెచ్చి, డ్రోన్‌ను మీ వైపు తిప్పుకోవాలి. రెండోసారి వచ్చేదాకా ఆగొద్దు.

ప్లస్ బ్యాటరీ ఉచ్చు కూడా ఇదే లెక్కలోంచి పుడుతుంది. ‘45 నిమిషాలు’ చూసి, కొండల్లో సమయం తగ్గుతుంది కదా, పెద్ద బ్యాటరీ తీసుకుపోదాం అనుకోవడం సహజం. కానీ 249 గ్రాములు 290 అయితే ప్రొపెల్లర్ వేగం మరో 8 శాతం పెరగాలి. 3,000 మీటర్ల దగ్గర ప్లస్ బ్యాటరీతో మోటార్లు పడే శ్రమ, 4,000 దగ్గర మామూలు బ్యాటరీతో పడే శ్రమకు దాదాపు సమానం. అందుకే కంపెనీ ఆ పరిమితిని సరిగ్గా వెయ్యి మీటర్లు తగ్గించింది. పైగా ప్లస్ వేయగానే డ్రోన్ 250 గ్రాముల గీత దాటిపోయి చట్టం దృష్టిలో వేరే తరగతికి వెళ్తుంది. లద్దాఖ్‌కు ప్లస్ బ్యాటరీ ఒకటి పట్టుకెళ్లడం కన్నా మామూలు బ్యాటరీలు రెండు పట్టుకెళ్లడం అన్ని విధాలా మంచిది.

మరి 2018లో కే2 శిఖరం మీద, బ్రాడ్ పీక్ మీద మావిక్ ప్రో ఎలా ఎగిరిందని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఆ ఏడాది జులైలో తప్పిపోయిన స్కాట్లండ్ పర్వతారోహకుడు రిక్ అలెన్‌ను బ్రాడ్ పీక్ మీద గుర్తించడంలో అలాంటి చిన్న డ్రోనే సాయపడింది. ఆ మోడల్ టేకాఫ్ పరిమితి 5,000 మీటర్లు. అది లేచింది 5,000 అటూఇటూ ఉండే బేస్ క్యాంపు నుంచి, పైకి ఎక్కి, దిగుతూ తిరిగొచ్చింది. అంతకు మించి, ఒక మనిషి ప్రాణం కోసం డ్రోన్‌ను పణంగా పెట్టారు. రీల్ కోసం చేసే పనికి దాన్ని ఆధారంగా చూపించకూడదు.

ఎండ కూడా ఎత్తే

అంకెల్లో కనిపించని సంగతి ఇది. ఇలాంటి లెక్కలకు వాడే ప్రామాణిక వాతావరణంలో 3,500 మీటర్ల దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీలు. జులై మధ్యాహ్నం లేహ్‌లో 20 డిగ్రీలు, తరచూ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి ఇంకా పలచబడుతుంది. 20 డిగ్రీల ఎండలో లేహ్‌లో నిలబడ్డ డ్రోన్‌కు గాలి 4,400, 4,500 మీటర్ల దగ్గర ఉన్నంత పలచగా తగులుతుంది. 4,000 పరిమితి ఉన్న మినీ, ఊరి మధ్యలోనే, కాగితం మీద 3,500 అని కనిపిస్తూనే హద్దు దాటిపోయినట్టు. విమాన పైలట్లు దీన్ని సాంద్రతా ఎత్తు అంటారు. గుర్తుంచుకోవడానికి తేలిక లెక్క ఒకటుంది: ప్రామాణికం కన్నా ప్రతి 1 డిగ్రీ ఎక్కువకు సుమారు 36 మీటర్ల ఎత్తు కలపాలి. ప్రామాణిక ఉష్ణోగ్రత కావాలంటే 15 నుంచి మొదలుపెట్టి ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 తీసేయాలి.

కాబట్టి బరువు తక్కువ డ్రోన్ ఉన్నవాళ్లకు సూర్యోదయం వెలుగు అందం కోసం మాత్రమే కాదు, బలం కోసం కూడా. పొద్దున్న 5 డిగ్రీల చలిలో లేచిన మినీకి, మధ్యాహ్నం మినీకి తేడా స్క్రీన్ మీదే తెలుస్తుంది. చలి బ్యాటరీని బాధిస్తుంది నిజమే, కానీ బ్యాటరీని చంకలో వెచ్చబెట్టుకోవచ్చు. గాలిని చిక్కబరచడం మన చేతిలో లేదు.

గాలి విసురు: 250కి, 700కి అసలు తేడా

పలచని గాలి తోసే బలం కూడా తక్కువే. 10 మీ/సె గాలి సముద్రతీరంలో తోసినంతగా 5,000 మీటర్ల దగ్గర తోయదు. కాబట్టి ‘ఎత్తులో గాలి ఎక్కువ తోస్తుంది’ అన్న మాట లెక్క ప్రకారం తప్పు. ఎత్తులో గాలి వేగమే ఎక్కువ, అసలు చిక్కు అక్కడుంది. ఎండకు లోయ గోడలు వేడెక్కి, పదకొండు గంటల తర్వాత గాలి లోయలోంచి పైకి పాకడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి కనుమల దగ్గర అది గరాటులోంచి వచ్చినట్టు దూసుకొస్తుంది. సాయంత్రం ఎండ తగ్గాక దిశ మార్చుకుని కిందికి దిగుతుంది.

మినీ 2 మామూలు మోడ్‌లో గరిష్ఠ వేగం 10 మీ/సె. ఎదురుగాలి కూడా 10 ఉంటే తిరుగు ప్రయాణంలో అది ఉన్నచోటే ఉంటుంది, బ్యాటరీ మాత్రం కరుగుతుంది. స్పోర్ట్ మోడ్‌లో 16 మీ/సె. ఎయిర్ 3కి మామూలుగా 15, స్పోర్ట్‌లో 21. కాగితం మీద ఈ 5 మీ/సె తేడా చిన్నదే. కిలోమీటరు దూరంలో ఉన్న డ్రోన్ 10 మీ/సె గాలిలో ఇంటికి రావడానికి మినీకి స్పోర్ట్‌లో మూడు నిమిషాల దాకా పడితే, ఎయిర్ 3కి నిమిషమున్నర.

మినీతో వెళ్లేవాళ్లకు రెండు నియమాలు చాలు. ముందు గాలికి ఎదురు వెళ్లాలి, గాలి వాలున తిరిగి రావాలి. కొండ గట్టుకు గాలి తగిలే వైపే ఉండాలి, అవతలి వైపు దాటకూడదు. అవతలి వైపున గాలి సుడులు తిరుగుతూ కిందికి పడుతుంది, అందులో చిక్కిన 249 గ్రాముల డ్రోన్ పూర్తి శక్తితో పైకి లాగినా కిందికే పోతుంది. 700 గ్రాములది కూడా అక్కడ ఇబ్బంది పడుతుంది, బయటపడే అవకాశం మాత్రం దానికి ఎక్కువ.

కిందికి దించేటప్పుడు నిట్టనిలువుగా దించొద్దు. తన ప్రొపెల్లర్లు తోసిన గాలిలోకే డ్రోన్ దిగి ఊగిపోతుంది, మోటార్లు అప్పటికే అలసి ఉంటే ఆ ఊగు ఆగదు. కొంచెం ముందుకు కదిలిస్తూ, మెట్లు దిగినట్టు ఏటవాలుగా దించాలి.

నిమిషాల లెక్క, చలి, చార్జింగ్

మినీ 2కు పెట్టె మీద 31 నిమిషాలు. 4,000 మీటర్ల దగ్గర పలచని గాలి ఆరు నిమిషాలు తినేస్తుంది. 30 శాతం మిగిలుండగా దించాలనుకుంటే 17 దగ్గరకొస్తుంది. చలి, గాలి కలిపితే 12 నిమిషాలు ఎగరేస్తానని అనుకుని బయల్దేరాలి. ఎయిర్ 3కి ఇదే లెక్క 5,000 దగ్గర వేస్తే 17, 18 నిమిషాలు చేతికొస్తాయి. అయిదు నిమిషాల తేడాయే గదా అనిపించొచ్చు, కానీ ఒక షాట్ తప్పితే మళ్లీ తీసుకునే వీలు ఆ అయిదు నిమిషాల్లోనే ఉంటుంది.

చల్లబడిన లిథియం బ్యాటరీలో శక్తి పోదు, లోపలి నిరోధం పెరుగుతుంది. ఎక్కువ కరెంటు లాగగానే ఓల్టేజి ధబేలున పడిపోతుంది. స్క్రీన్ మీద 45 శాతం చూపిస్తున్న బ్యాటరీ ఒక్క గట్టి లాగుకు ‘తక్కువ ఓల్టేజి’ అని దిగిపోవడానికి సిద్ధపడేది అందుకే. టేకాఫ్‌కు ముందు బ్యాటరీ కనీసం 20 డిగ్రీలుండాలి, యాప్‌లో బ్యాటరీ పేజీలో ఆ అంకె కనిపిస్తుంది. రాత్రి స్లీపింగ్ బ్యాగులో, పగలు జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి. ఇనుపపొడితో వేడెక్కే చేతి సంచులను మరీ నమ్ముకోవద్దు, వాటికీ ఆక్సిజన్ కావాలి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ అవీ నీరసిస్తాయి. లేచాక రెండు మూడు మీటర్ల ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టి, మోటార్ల పనితో బ్యాటరీ వేడెక్కాకే దూరం పంపాలి. సెల్ ఓల్టేజి 3.5 కిందికి జారితే శాతం ఎంత చూపిస్తున్నా వెనక్కి తిప్పాలి.

చార్జింగ్ విషయంలో చిన్న డ్రోన్ గెలుపు ఏకపక్షం. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది 50 అటూఇటూ. మినీ 2 బ్యాటరీ 17 వాట్ అవర్లు, అంటే దాదాపు మూడు నింపొచ్చు, అదీ డ్రోన్‌కే యూఎస్‌బీ తీగ పెట్టి. ఎయిర్ 3 బ్యాటరీ 62.6, ఒక్కటి కూడా నిండదు. ఎయిర్ 2ఎస్ బ్యాటరీ 40 చిల్లర, కానీ దాని చార్జరు గోడ ప్లగ్గుది, యూఎస్‌బీతో పని జరగదు, కారు చార్జరు విడిగా కొనాలి. హిమాచల్‌లోని స్పితి పల్లెల్లో హోమ్‌స్టేల కరెంటు మీద ఆధారపడి తిరిగేవాళ్లు కెమెరా కన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి. 5 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న బ్యాటరీ చార్జింగ్ ఎక్కదు, ముందు వెచ్చబెట్టాలి. విడి బ్యాటరీలు విమానంలో చేతి సామానులోనే ఉండాలి, 100 వాట్ అవర్ల లోపువి కాబట్టి వీటిలో దేనికీ ప్రత్యేక అనుమతి అక్కర్లేదు.

తిరిగి రావడం, చూడగలగడం

ఆటోమేటిక్‌గా ఇంటికి తిరిగొచ్చే ఏర్పాటును చదునునేల అలవాటుతో వాడితే కొండల్లో డ్రోన్ గోడకు కొట్టుకుంటుంది. అది తిరిగొచ్చే ఎత్తు టేకాఫ్ చోటు నుంచి లెక్క, మధ్యలో ఉన్న కొండ దానికి తెలియదు. మినీ 2కు కిందికి చూసే సెన్సర్లే ఉన్నాయి, ఎదురుగా బండ ఉన్నా నేరుగా వెళ్తుంది. ఎయిర్ 2ఎస్ కొన్ని వైపులు, మినీ 4 ప్రో, ఎయిర్ 3 అన్ని వైపులా చూస్తాయి. అయితే తెల్లటి మంచు మీద, కదలని నీటి మీద కెమెరా సెన్సర్లకు పట్టు దొరకదు. స్పోర్ట్ మోడ్‌లో అవి అసలు పనిచేయవు. గాలిని తట్టుకోవడానికి స్పోర్ట్ కావాలి, గోడ తప్పించుకోవడానికి మామూలు మోడ్ కావాలి. అందువల్ల సెన్సర్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు కొండల్లో అవి సగం సమయమే తోడుంటాయని తెలుసుకునే పెట్టాలి.

ఇంటికి తిరిగే ఎత్తును దారిలో ఉన్న గట్టు కన్నా 20, 30 మీటర్లు పైన పెట్టుకోవాలి. గాలి ఎక్కువున్న రోజు ఆ బటన్‌కు బదులు చేత్తోనే తేవడం మంచిది. ఆ బటన్ నొక్కితే డ్రోన్ ముందు పైకి ఎక్కుతుంది, పైన గాలి ఇంకా ఎక్కువ. చేత్తో నేలకు దగ్గరగా, స్పోర్ట్ మోడ్‌లో తెస్తే వస్తుంది.

ఎక్కడ నిలబడి లేపాలన్నది కూడా ఎంపికే. కనుమ మీద నుంచి లోయలోకి దింపితే, తిరిగి ఎక్కాల్సింది బ్యాటరీ చివర్లో, ఓల్టేజి పడిపోయేటప్పుడు. కింద నుంచి లేపి పైకి ఎక్కిస్తే తిరుగు దారి దిగుడే. మినీ ఉన్నవాళ్లకు రెండోదే ఖాయం.

కెమెరా గురించి ఒక్క మాట. ఎయిర్ 3లో 24 మి.మీ.తో పాటు 70 మి.మీ. లెన్సు కూడా ఉంది. కొండల్లో దాని విలువ ఎక్కువ: అవతలి మఠాన్ని దగ్గరగా చూపించడానికి డ్రోన్‌ను గాలిలోకి దూరంగా పంపక్కర్లేదు. మా దృష్టిలో ఎయిర్ 2ఎస్ పెద్ద సెన్సరు కన్నా కొండల్లో ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. ఎండలో మంచు మీద 1/50 షట్టర్ కావాలంటే ఎన్‌డీ ఫిల్టరు (లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గించే గాజు) తప్పదు. 249 గ్రాముల మినీకి ఫిల్టరో, స్టిక్కరో, కాళ్ల కింద ఎత్తుగా ఉండే గేరో తగిలిస్తే 250 దాటిపోతుందని మరిచిపోవద్దు.

చట్టం కలిపితే మారే జవాబు

ఇండియాలో 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, ఆ పైన 2 కిలోల వరకు మైక్రో. సొంత సరదాకు ఎగరేసేవాళ్లకు ఈ రెంటికీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నానోకు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) మినహాయింపు ఉంది, మైక్రోకు లేదు. ఇంకా పెద్ద గోడ దిగుమతి దగ్గరుంది: 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి, విడిభాగాలుగా విప్పి తెచ్చినా సరే, నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. పట్టికలోని ఎయిర్ 3, మినీ 4 ప్రో 2023లో వచ్చాయి. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో పెట్టుకొస్తే కస్టమ్స్ దగ్గర ఆగిపోయే సరుకు అది. ‘బిల్లు లేకుండా ఇస్తాం’ అనే దుకాణంలో కొంటే రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కుపడతారు.

ఇక ఎక్కడ ఎగరేయొచ్చన్నది ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ చెబుతుంది. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల వరకు అనుమతి అక్కర్లేదు. ఎల్లో అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌ను, రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వాన్ని అడగాలి. లేహ్ విమానాశ్రయం వైమానిక దళం చేతిలో ఉంది, ఊరి ఆకాశాన్ని స్వేచ్ఛగా అనుకోవద్దు. చైనాతో ఉన్న వాస్తవాధీన రేఖ పాంగాంగ్ సరస్సు మీదుగానే పోతుంది, అక్కడ డ్రోన్ తీస్తే జరిమానాతో పోయే విషయం కాకపోవచ్చు. హెమిస్ లాంటి జాతీయ పార్కుల్లో అటవీ శాఖ అనుమతి కావాలి. మఠాల దగ్గర లోపలికి వెళ్లి అడగడం మర్యాద. గ్రీన్ జోన్ కావాలంటే సరిహద్దుకు దూరంగా ఉండే హిమాచల్ లోయల్లో వెతకడం తేలిక.

అందువల్ల ఇక్కడున్నవాళ్లకు ఆచరణలో ఎంపిక ఇలా తేలుతుంది. చేతిలో నిషేధానికి ముందు కొన్న మినీ 2 ఉంటే దాన్నే తీసుకెళ్లండి, 4,000 మీటర్ల గీత గౌరవించండి. స్పితిలో కాజా ఊరు ఆ గీత కిందే ఉంది. చంద్రతాల్ సరస్సు, కీ మఠం గీతకు పైన ఉన్నాయి. అక్కడ ఫోన్ కెమెరాతో సరిపెట్టుకోవడం నష్టమేమీ కాదు, కీ మఠం కింది మలుపు నుంచే బాగా కనిపిస్తుంది. మావిక్ మినీయే ఉంటే మనాలి చుట్టుపక్కల సరిపోతుంది, రోహ్‌తాంగ్ (3,978 మీటర్లు) దగ్గర తీయకండి. ఎయిర్ 2ఎస్‌కు పక్కా కాగితాలు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే ఎత్తు పరంగా అది చంద్రతాల్‌కూ చాలు.

అమెరికాలో ఉన్నవాళ్ల లెక్క వేరు. కొలరాడోలో లవ్‌లాండ్ పాస్ 3,655 మీటర్లు, మినీ 4 ప్రో మామూలు బ్యాటరీతో పొద్దున్న చలిలో లేస్తుంది. సరదాకు ఎగరేసే 250 గ్రాముల లోపు డ్రోన్‌కు అక్కడ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష రాయాలి, 400 అడుగుల హద్దు ఉంది. నేషనల్ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్ నిషేధం కాబట్టి రాకీ మౌంటెన్ పార్కులో తీయకండి. 14,000 అడుగుల శిఖరాల కోసం కొనాలనుకునేవాళ్లకు ఎయిర్ 3 తరగతి సరైనదే, అయితే వాటిలో చాలా శిఖరాలు డ్రోన్ లేపడం కుదరని వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో ఉన్నాయి. ముందు పటం చూడండి, తర్వాత డ్రోన్ కొనండి.

బయల్దేరే ముందు ఇంట్లోనే

యాప్ అప్‌డేట్, ఫర్మ్‌వేర్, లాగిన్ అన్నీ ఇంటి వైఫైలోనే ముగించుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నా లోయల్లో సిగ్నల్ దొరకదు. అక్కడికెళ్లాక ‘అప్‌డేట్ చేస్తేనే లేస్తాను’ అని డ్రోన్ మొండికేస్తే చేయగలిగిందేమీ లేదు. వెళ్లే చోటు మ్యాప్‌ను ఫోన్లో దించి పెట్టుకోవాలి.

ప్రొపెల్లర్లు పాతవైతే మార్చేయాలి. ఇక్కడ కనిపించని సన్నటి గీత అక్కడ 25 శాతం ఎక్కువ వేగంతో తిరిగేటప్పుడు తెగుతుంది. మినీ రెక్కలు స్క్రూలతో బిగించేవి, విడి రెక్కలతో పాటు ఆ చిన్న స్క్రూడ్రైవర్ కూడా పెట్టుకోవాలి. రాతి నేల దుమ్ము మోటార్లలోకి పోకుండా కింద పరచడానికి మడిచే ప్యాడ్ ఒకటి, దాని మూలల మీద పెట్టడానికి అక్కడి రాళ్లే చాలు. రిమోట్‌కు ఫోన్ తగిలించేవాళ్లు ఫోన్‌ను కూడా వెచ్చగా ఉంచుకోవాలి, చలికి ఫోన్ ఆరిపోతే గాల్లో ఉన్న డ్రోన్ కనిపించదు. చూపుడు వేలు, బొటనవేలు బయటపడే చేతి తొడుగులు ఇక్కడే కొనుక్కోండి.

లేహ్‌లో దిగిన మొదటి రోజు, వీలైతే రెండో రోజు కూడా డ్రోన్ తీయకండి. పలచని గాలి మోటార్లకెంతో మెదడుకూ అంతే. తలనొప్పితో ఎగరేసేవాళ్లు ఇంటికి తిరిగే ఎత్తు పెట్టడం మరిచిపోతారు. హెలికాప్టర్ శబ్దం వినిపిస్తే ఎక్కడున్నా దించేయాలి, అది రోగిని తీసుకెళ్లేది కావచ్చు. గద్దో, రాబందో చుట్టూ తిరుగుతుంటే డ్రోన్‌ను నిట్టనిలువుగా పైకి లేపాలన్నది పాత సలహా. 4,000 మీటర్ల దగ్గర మినీ పైకి లేచే వేగం ఆ పక్షికి చాలదు, కాబట్టి ఆకాశంలో పెద్ద రెక్కలు కనిపించినప్పుడు అసలు లేపకపోవడమే దానికి విరుగుడు.